గంజి పెట్టిన సముద్రం

తినబోయే అన్నం ముందర పెట్టుకుని చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఒక్క మాట కల్పించినట్టు తేలినా, రేపు నేను మైకుసెట్టు పెట్టబోయే పెళ్ళిలో సరిగ్గా తాళి కట్టే సమయానికి నా ఆంప్లిఫయరు పొగలు కక్కాలి, ఆడపెళ్ళివాళ్ళూ మగపెళ్ళివాళ్ళూ కలిసి నన్ను పందిరి గుంజకు కట్టెయ్యాలి. మా వృత్తిలో ఇంతకు మించిన ఒట్టు లేదు. నన్ను ఎరిగినవాళ్ళు ఈ పాటికే నవ్వుతుంటారు. శేషాచలం అడవిలో చిరుతపులి నా మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకుందని నేను ఊరంతా చెప్పిన మాట వాస్తవమే. దానికి ఒట్టు పెట్టలేదు గదా. దీనికి పెడుతున్నాను.

నేను తిరుపతిలో పెళ్ళిళ్ళకూ జాతర్లకూ మైకుసెట్టు అద్దెకిస్తాను. మా అక్కను నగరిలో ఇచ్చాం. బావది చేతిమగ్గం. చుట్టుపక్కల వీధులన్నీ కరెంటు మగ్గాలకు మారినా ఆయన మారలేదు. ఎందుకని అడిగితే మోటారు మోతకు తలనొప్పి వస్తుందంటాడు, ఆ మోత ఎలాగూ పక్కింటి గోడలోంచి పొద్దస్తమానం వస్తూనే ఉన్నా సరే. ఆ ఇంట్లో పుట్టిన మా మేనకోడలు తిరుపతికొచ్చి సినిమా చదువు చదివింది. అక్కడ చేరినవాళ్ళంతా దర్శకత్వమో కెమెరానో పట్టుకుంటే ఈ పిల్ల శబ్దం పట్టుకుంది. మా అక్క అప్పడాలు వేయిస్తుంటే బాణలి పక్కన మైకు పెట్టి, రాత్రికి ఆ అప్పడాల చప్పుడే నాకు వినిపించి, "వాన పడతాండాది గదా మామా?" అని అడిగే రకం.

చివరి సంవత్సరం పిల్లలు గుంపులుగా విడిపోయి ఒక్కో గుంపూ ఒక చిన్న సినిమా తీయాలి. అది మామూలుగా మార్కుల వ్యవహారం. మా పిల్లకు మాత్రం అంతకన్నా పెద్దది. చెన్నైలో సినిమాలకు శబ్దాలు చేసే స్టూడియోవాళ్ళు ఆమెను పనిలోకి తీసుకుంటామన్నారు, ఒక షరతు మీద. ఆ సినిమా తెచ్చి వినిపించాలి. శబ్దం చేసింది తనేనని తెర మీద పేరు పడి ఉండాలి. నగరి నేతవాళ్ళ పిల్లకు అలాంటి పిలుపు మళ్ళీ రాదని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. తెలియనిదల్లా ఆ సినిమా దర్శకుడికే. తెలిసినా అతనికి పట్టేది కాదు.

ఆ దర్శకుణ్ణి కొంచెం పరిచయం చేయాలి, నాకు ఇష్టం లేకపోయినా. కాణిపాకానికి కూతవేటు దూరంలో మామిడితోటలున్న ఆసామి కొడుకు. తోటలో కాయ ముదిరిందో లేదో చెప్పలేడు గానీ ప్రపంచ సినిమా ఎక్కడెక్కడ కుళ్ళిపోయిందో వేలు పెట్టి చూపించగలడు. నీడలో కూడా నల్లకళ్ళజోడు తీయడు. వర్ణాలను గురించి అంత మాట్లాడే మనిషికి లోకం ఎప్పుడూ ఒకే రంగులో కనబడేదన్నమాట. నన్ను "అంకుల్" అనేవాడు. మా వైపు మామా అనో అన్నా అనో అంటారు. అంకుల్ అన్నప్పుడల్లా నాకు మెడ మీద గొంగళిపురుగు పాకినట్టుండేది.

కథ ఏమిటని అడిగాను. ఒక యువకుడు సముద్రంలోకి నడుచుకుంటూ వెళ్ళి మాయమైపోతాడట.

"ఎందుకు పోతాడు?"

"అది చూసేవాళ్ళు ఎతుక్కోవాల అంకుల్."

"మాటలు?"

"లేవు. సైలెన్సే డైలాగు."

రాయడం చేతగాకపోవడానికి ఇంత అందమైన పేరుందని నాకు ఆరోజే తెలిసింది.

"సముద్రం యాడ చూసి పెట్టినావు?"

"తడ కాడ. అంతా సూసేసినా."

"ఎప్పుడు పోయినావు అంత దూరం?"

"పోయేదేంది అంకుల్, ఫోన్లోనే. ఇదో, నీలం రంగు ఎంత పెద్దగా ఉండాదో సూడు."

చూశాను. పెద్దగానే ఉంది. ఇక్కడ నా మీదా కొంత జాలి చూపాలి మీరు. పెద్ద చెరువు కనబడితే దానికి సముద్రమని పేరు పెట్టేసుకున్న జాతి మాది. పేరు చివర సముద్రం తగిలించుకున్న ఊళ్ళు మా వైపు ఎన్నో ఉన్నాయి, వాటిలో చాలావాటిలో ఎండాకాలం కాళ్ళు కడుక్కునే నీళ్ళుండవు. నీలం రంగు చూపించి సముద్రమంటే ఎవరం ఎదురు చెబుతాం? నేను సముద్రం చూశానంటే చెన్నైలో చూశాను, అదీ జనం సందుల్లోంచి.

నా వ్యాన్లోనే బయలుదేరాం. దర్శకుడు, అతని చేతిలో కాలేజీ కెమెరా. హీరో, భుజాల దాకా జుట్టు పెంచిన తిరుపతి కుర్రాడు, అతని చేతిలో దువ్వెన. మా పిల్ల, ఆమె ఒళ్ళో బొచ్చు తొడుగు వేసిన పొడుగాటి మైకు. అది అచ్చం కొండ మీది పునుగుపిల్లిలా ఉండేది. ఏర్పేడు దగ్గర టీకి ఆపితే దర్శకుడు టీ తాగకుండా గ్లాసు మీది ఆవిరిని కెమెరాతో తీస్తూ కూర్చున్నాడు. ఆవిరి అయిపోయింది. ఇంకో టీ చెప్పాడు. అదీ చల్లారింది. ఆ టీలు నేను తాగాను.

అక్కడే మొదటిసారి ఆ మాట విన్నాను. హీరో తెల్లచొక్కా మీద టీ పడింది. "పరవాలేదు, పోస్టులో చూసుకుందాం" అన్నాడు దర్శకుడు. శ్రీకాళహస్తి దాటాక మబ్బేసింది. పోస్టులో చూసుకుందామన్నాడు. ఇంత పని ఒప్పుకున్న పోస్టాఫీసు ఎక్కడుందని అడిగాను. అతను నా వైపు తిరిగి, "పోస్ట్ అంటే షూటింగ్ అయిపోయినాక చేసే పని అంకుల్" అని పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. అంటే తన చేతకానిదంతా తర్వాత ఇంకెవరో చేస్తారని అర్థం. ఆ ఇంకెవరో నా వెనక సీట్లో పునుగుపిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తడ చేరి, రోడ్డు వదిలి, మట్టిదారిలో కొంచెం పోయి దిగితే నీళ్ళు. కంటికి ఆనినంత దూరం నీళ్ళు. నీళ్ళెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. దూరంగా పొడుగు కాళ్ళ పక్షులు బురదలో ముక్కులు పెట్టి ఏదో వెతుక్కుంటున్నాయి. దర్శకుడు టోపీ తీసి గుండెలకు పెట్టుకున్నాడు. "సముద్రం అంకుల్!" అన్నాడు. నేను కూడా చెప్పులు విడిచాను. ఎంతైనా సముద్రం గదా.

మేనకోడలు మైకు పట్టుకుని ఒడ్డు వెంట నడిచి, నీళ్ళ అంచుకు పోయి, వంగి, మొహం ముడుచుకుని తిరిగొచ్చింది.

"మామా, ఏం వినబడ్లా."

"బ్యాటరీ సూసుకున్నావా?"

"బ్యాటరీ బాగుండాది. పక్షులు వినబడతాండాయి. యాడో హైవేలో లారీ హారను వినబడతాండాది. సముద్రమే మాట్లాడ్డంలా."

దర్శకుడు నవ్వాడు. "టైడ్ తక్కువుండాది. సాయంత్రానికి అలలొస్తాయి. నువ్వు సౌండు చేసేదానివి, నీకు విజువల్ అర్థం కాదు."

తర్వాత హీరో మాయమవడం మొదలైంది. "యాక్షన్" అనగానే నీళ్ళలోకి నడిచాడు. మోకాలి లోతు. ఇంకా నడిచాడు. మోకాలి లోతు. మొదట మనిషంత ఉన్నవాడు కొబ్బరిబోండామంత అయ్యాడు, ఆపైన చింతగింజంత అయ్యాడు. మోకాలి లోతు. దర్శకుడు రెండు చేతులూ నోటికి పెట్టుకుని, "ఇంగా లోతుకు పో!" అని అరిచాడు. చాలాసేపటికి గాలిలో జవాబొచ్చింది.

"లోతు లేదన్నా!"

ఈలోగా పడవను గెడతో తోసుకుంటూ పోయే ముసలాయన హీరో పక్కన ఆగాడు. నీళ్ళ మీద మాట భలే దూరం వస్తుంది.

"ఏం తంబీ, అవతలి గట్టుకు నడిచే పోతా ఉండావా? కాళ్ళు నొస్తాయి, రా, ఎక్కు."

హీరో ఎక్కేశాడు. మాయమవాల్సిన మనిషి పడవలో బాసింపట్టు వేసుకుని కూర్చుని జుట్టు దువ్వుకుంటూ తిరిగొచ్చాడు. దర్శకుడు నేల మీద టోపీ విసిరికొట్టాడు. రెండోసారి వేరే ఉపాయం చేశారు. హీరో చాలా దూరం పోయి గొంతుక్కూర్చున్నాడు. కూర్చుంటే నీళ్ళు మెడ దాకా వచ్చాయి. తల వంచితే మునిగాడు. ఒక మనిషి సముద్రంలో మాయమవడానికి పెరట్లో పళ్ళు తోముకునేవాడిలా కూర్చోవలసి రావడం నేను అదే చూడడం.

అలల కోసం సాయంత్రం దాకా కాచుకున్నాం. పొద్దు వాలింది. నీళ్ళు ఇస్త్రీ చేసినట్టే ఉన్నాయి. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పోతున్న ఒకామె మా వరసను చూసి ఆగింది.

"ఎవరి కోసరం కాసుకోనుండారు?"

"అలల కోసం," అన్నాడు దర్శకుడు.

ఆమె తట్ట దించి నడుం మీద చేయి పెట్టుకుని నవ్వింది. "ఈడ అలలు యాడొస్తాయి సామీ? ఇది ఏరి. సముద్రం అల్లంత దూరం, ఆ దీవికి అవతల."

తడ మన రాష్ట్రానికి చివర. కాస్త ముందుకు పోతే తమిళమే. చెరువును తమిళంలో ఏరి అంటారని మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. నాకు విషయం అర్థమైంది. మా పిల్లకు అర్థమైంది. తడిసిన హీరోకు కూడా అర్థమైంది.

"ఏరంటే నది గదా," అన్నాడు దర్శకుడు. "నది సముద్రంలో కలిసే చోటన్నమాట. ఇంగా మంచిది."

"చెరువు రా!" అంది మా పిల్ల. "పులికాట్ సరస్సు. పొద్దున్నించి ఉప్పుచెరువు ఒడ్డున కూసోనుండాం. బళ్ళో సదువుకోలేదా నువ్వు?"

అతను ఒక క్షణం నీళ్ళ వైపు చూసి, కళ్ళజోడు సర్దుకున్నాడు. "నీళ్ళు నీళ్ళే గదా. లాంగ్ షాట్లో ఎవడికి తెలస్తాది? అలల సౌండు పోస్టులో చూసుకుందాం."

మళ్ళీ ఇంకోచోటికి పోయి తీద్దామంటే కుదరలేదు. కెమెరా మరునాడు వేరే గుంపుకు అప్పగించాలి. అంతకన్నా పెద్ద చిక్కు హీరో జుట్టు. షూటింగ్ క్షేమంగా ముగిస్తే తలనీలాలు ఇస్తానని వాళ్ళమ్మ మొక్కుకుందట. తెల్లారేసరికి కొండెక్కి గుండు కొట్టించుకుని, గంధం పూసుకుని దిగాడు. ఆ గుండుతో మాయమైతే అది వేరే సినిమా అవుతుంది.

అలల బరువు మొత్తం మా పిల్ల మీద పడింది. కాలేజీ నియమం ఒకటుంది. సినిమాలో వినబడే ప్రతి చప్పుడూ పిల్లలు తామే చేసి, తామే రికార్డు చేసుకోవాలి. నెట్లోంచి దించారని తేలితే సినిమా మొత్తం పక్కన పడేస్తారు. దర్శకుడికి ఆ భయం లేదు. "నెట్లో రకరకాల అలలుండాయి. ఎవరు కనుక్కుంటారు?" అన్నాడు.

"నేను కనుక్కుంటా," అంది మేనకోడలు.

నేనే వ్యాన్ తీసి ఆమెను తూపిలిపాళెం తీసుకుపోయాను, అసలు సముద్రానికి. అది మాట్లాడడమే కాదు, అరిచింది. ఆమె మధ్యాహ్నం దాకా మైకు పట్టుకుని తిరిగి, అలల్నీ నురగనీ నింపుకుని ఉత్సాహంగా తిరిగొచ్చింది. కంప్యూటర్లో ఆ శబ్దాన్ని తడ బొమ్మ పక్కన పెట్టి వినిపించింది. ఎదురుగా నీళ్ళు పళ్ళెంలో పాయసంలా కదలకుండా ఉన్నాయి, స్పీకర్లలోంచి మాత్రం కొండ విరిగిపడుతోంది. నిజమైన సముద్రం ఆ బొమ్మ పక్కన పచ్చి అబద్ధంగా వినిపించింది. నాకు ఆశ్చర్యం కలగలేదు. నా జీవితంలో నేను నిజం చెప్పినప్పుడల్లా ఇదే జరిగింది.

ఆమెకు కావలసింది చిన్న అల. అంత చదునైన నీళ్ళలో కూడా పుట్టగలిగేంత చిన్నది, మనిషి మాయమైతే బాధపడగలిగేంత పెద్దది. సినిమా ఇచ్చే గడువు దగ్గరపడింది. నేను ఆమెను నగరికి తీసుకుపోతే, మా అక్క వడ్డించిన సంగటిలో వేలితో గుంటలు తీస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు బాగుండేది.

మరునాడు పొద్దున్నే వీధిలో బావ పడుగు సాగదీశాడు. మగ్గం మీద నిలువుగా పోయే దారాలను పడుగంటారు. నేతకు ముందు వాటిని వీధి పొడవునా గుంజలకు కట్టి, గంజి పట్టించి, దారానికి దారం అంటుకోకుండా వెడల్పాటి కుంచెతో దువ్వుతారు. అటొకరు ఇటొకరు కుంచె పట్టుకుని, ఆ చివర నుంచి ఈ చివరకు నడుచుకుంటూ రావాలి, మళ్ళీ పోవాలి. బావా ఎదురింటాయనా ఆ పనిలో ఉన్నారు. నేను అరుగు మీద కాఫీ తాగుతున్నాను. మేనకోడలు వాకిట్లో పళ్ళు తోముకుంటోంది. అప్పుడు కరెంటు పోయింది.

నగరిలో కరెంటు పోవడమంటే వెలుగు పోవడం కాదు, మోత పోవడం. వీధివీధినా మగ్గాల టకటక ఒక్కసారిగా తెగి, చెవులు ఖాళీ అయిపోతాయి. ఆ ఖాళీలో కుంచె వినబడింది. దూరం నుంచి సర్రుమని మెల్లగా వచ్చి, మా అరుగు దాకా పెరిగి, చివర్లో సన్నగా విరిగి, క్షణం ఆగి, మళ్ళీ వెనక్కు జారిపోతోంది. పిల్ల నోట్లో బ్రష్షు అలాగే ఉండిపోయింది.

"మామా," అంది నురగలోంచి. "విను."

మైకు తేవడానికి లోపలికి పరుగెత్తింది. తెచ్చేలోగా కరెంటొచ్చింది. మగ్గాలన్నీ మళ్ళీ టకటకమన్నాయి.

ఆ తర్వాత ఊరంతా కరెంటువాళ్ళను తిడుతుంటే కరెంటు పోవాలని దేవుడికి మొక్కుకున్నది మా పిల్ల ఒక్కతే. తలకు హెడ్‌ఫోన్లు, చేతిలో పునుగుపిల్లి, వాకిట్లో కాపలా. బావ ఇంకో పడుగు సాగదీసిన పొద్దున ఆ మొక్కు ఫలించింది. అయితే కరెంటు పోతే మగ్గాల దగ్గరి జనమంతా వీధిలోకొచ్చి ముచ్చట్లు పెడతారు. వాళ్ళ నోళ్ళు మూయించే పని నాది. "ఈ బొచ్చు పెట్టె కరెంటాఫీసుది. ఎవురి గొంతు దీంట్లో పడితే వాళ్ళింటి మీటరు మారస్తారంట" అని చెవిలో చెప్పాను, ఒక్క మనిషికే. ఆ మనిషి మిగతావాళ్ళకు సైగలతో చెప్పాడు. ఆ వీధి అంత నిశ్శబ్దంగా అంతకుముందెన్నడూ లేదు.

"నాయనా, ఇంగొంచెం మెల్లిగా రా."

"గంజి ఆరిపోతాది మే."

"ఆరిపోనీ. ఆ చివర్న రవ్వంతసేపు నిలబడి మళ్ళా తిరుగు. అలిసిపోయినట్టు రావాల."

"అలిసిపోయినట్టు వొచ్చేదేముంది, అలిసిపోయే ఉండా."

కుంచెకు అవతల ఎదురింటాయన గొణిగాడు. "ఏందప్పా ఈ సదువు? మనల్ని మనింటి ముందరే నడిపించేదానికి తిరప్తి దాకా పొయ్యిందా ఈ పిల్ల?"

ఆమె ఆ శబ్దాన్ని తీసుకుపోయి కంప్యూటర్లో సాగదీసింది, ఒకదాని మీద ఒకటి పరిచింది, ఏం చేసిందో నాకు తెలియదు. బొమ్మ పక్కన పెట్టి వినిపించినప్పుడు మాత్రం తడ చెరువు ఊపిరి తీసింది. మెడలోతు నీళ్ళలో గొంతుక్కూర్చున్న ఆ దువ్వెన హీరో మీద నాకు జాలి పుట్టింది. దర్శకుడు విని తల ఊపాడు. "భలే ఉండాది. నేను చెప్పినట్టే చేసినావు."

ఏం చెప్పాడో ఆమె అడగలేదు. నేను అడుగుదామనుకున్నాను, ఆమె నా చేయి గిల్లింది.

పరీక్షరోజు కాలేజీ హాల్లో స్పీకర్లు పాడైపోయి నా మైకుసెట్టు పెట్టించారు. అందుకే నేనూ ఉన్నాను, వైర్ల చుట్ట పక్కన, కింద. పరీక్ష చేయడానికి చెన్నై నుంచి ఒక పెద్దాయనను పిలిపించారు. ఆయన పుట్టింది చిత్తూరు, జుట్టు నెరిసింది చెన్నై డబ్బింగు గదుల్లో. దీపాలు ఆర్పారు. తెర మీద పేర్లు పడ్డాయి. రచన, దర్శకత్వం, ఛాయాగ్రహణం, కూర్పు, శబ్దం. అన్నిటి కిందా ఒకటే పేరు, దర్శకుడిది. చివర్న సహకారం అని ఒక వరస. అందులో ఏర్పేడు టీ అంగడి ఉంది, దాని తర్వాత నా వ్యాన్ ఉంది, నా వ్యాన్ తర్వాత మా పిల్ల ఉంది.

చీకట్లో ఆమె వైపు చూశాను. తెర చూడడం లేదు. చేతిలోని పెన్ను మూత తీసి పెడుతోంది, తీసి పెడుతోంది. ఆ పేర్లతో ఆ సినిమా చెన్నైకి పోతే స్టూడియోవాళ్ళు ఆమెను లోపలికి కూడా రానివ్వరు.

సినిమా అయిపోయి దీపాలు వెలిగాయి. పెద్దాయన ముందు అడిగిందే అలల గురించి.

"ఈ అలలు యాడ పట్టినావబ్బా?"

"తడ బీచిలో సార్," అన్నాడు దర్శకుడు ఠపీమని.

"తడలో బీచి యాడుండాది?"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. "అంటే... తూపిలిపాళెం సార్."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తూపిలిపాళెం అలలు నాకు తెలుసు. ఇవి అవి కావు. నెట్లోంచి దించినారా?"

ఆ ఒక్క మాటతో సినిమా మొత్తం పోయేలా ఉంది. మేనకోడలు లేచి నిలబడింది.

"సార్, అవి అలలు కావు. మా నాయన పడుగు దువ్వే కుంచె."

హాలంతా ఆమె వైపు తిరిగింది. దర్శకుడికి ప్రాణం లేచొచ్చింది. "అవును సార్, కుంచే. నాదే ఐడియా. నేను చెప్తే ఈమె పోయి రికార్డు చేసుకోనొచ్చింది."

ఆమె అరవలేదు. వీధి కుళాయి దగ్గర మాట్లాడినంత మామూలుగా అంది. "కాణిపాకం పోదాం పా. మీ ఊరి పక్కనే గదా. కోనేట్లో మునిగి, దేవుని ముందర నిలబడి ఇదే మాట అను. ఆ పేరు నువ్వే పెట్టుకో."

చిత్తూరు జిల్లాలో పుట్టని వాళ్ళకు ఆ హాలు ఎందుకు అలా గడ్డకట్టిందో అర్థం కాదు. కోర్టులో అబద్ధం చెప్పే మొనగాళ్ళు మా వైపు లెక్కలేనంత మంది. కాణిపాకం వినాయకుడి ముందు చెప్పేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆ కుర్రాడి ఇంట్లో పొలం గట్టు తగాదాలు కూడా అక్కడి ప్రమాణంతోనే తెగుతాయి, అతను ఉగ్గుపాలతో తాగిన భయమది. ప్రపంచ సినిమా మొత్తం తిరిగినా ఆ భయానికి మందు దొరకలేదు. కళ్ళజోడు తీశాడు. మొదటిసారి అతని కళ్ళు చూశాను. చాలా మామూలు కళ్ళు.

"సినిమాకు కాణిపాకం ఎందుకు..." అన్నాడు.

"పోతావా, పోవా?" అన్నాడు పెద్దాయన. ఆయనా చిత్తూరువాడే గదా.

"టైటిల్స్ మార్చేస్తా సార్. పొరపాటున పడింది."

పొరపాటున ఒక మనిషి పేరు అన్ని చోట్లా పడి, ఇంకో మనిషి పేరు టీ అంగడి తర్వాత పడుతుందని నేనూ అప్పుడే నేర్చుకున్నాను. పెద్దాయన అసలు రికార్డింగు వినిపించమన్నాడు. ఆమె ఫోను నా ఆంప్లిఫయరుకు తగిలించాను. కుంచె సర్రుమంది. వెంటనే హాలు నిండా బావ గొంతు మోగింది: "అలిసిపోయే ఉండా." పెద్దాయన కుర్చీలో వెనక్కు వాలి నవ్వాడు. మార్కుల కాగితం మీద ఏదో రాసి, పిల్ల పేరు ఇంటిపేరుతో సహా అడిగి మరీ మళ్ళీ రాశాడు.

బయట వరండాలో దర్శకుడు మా దగ్గరికొచ్చాడు. రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపోయింది. నీ పని నాదని చెప్పుకున్నా" అన్నాడు, తల దించుకుని. అతని గొంతు వణికింది. నాకూ కళ్ళు చెమర్చాయి. మా పిల్ల, "పోనీలే" అంది.

చెన్నైవాళ్ళు కొత్త పేర్లతో సినిమా చూశారు. ఆమెను తీసుకున్నారు. ఇప్పుడు అక్కడ ఒక చీకటి గదిలో హీరోయిన్ల బదులు మెట్లు ఎక్కుతుంది, హీరోల బదులు బూట్లతో ఇసుకలో నడుస్తుంది. బావ ఫోన్లో అడిగాడు, "ఏం పని మే నీకు ఆడ?" అని. "నడిచేది నాయనా" అందట. ఆయన ఎదురింటాయనకు గర్వంగా చెప్పుకున్నాడు.

ఇంక ఒట్టు సంగతి. రేపు నిజంగానే పెళ్ళి ఉంది, ఆంప్లిఫయరు కొత్తది, కాబట్టి ఒప్పేసుకుంటున్నాను. పైన వరండా దగ్గర రాసిన నాలుగు ముక్కలు నేను కల్పించినవి. అతను చేతులు జోడించలేదు. గొంతు వణకలేదు. నా కళ్ళు చెమర్చలేదు. మా పిల్ల పోనీలే అనలేదు, ఆమె అప్పటికే బస్సెక్కేసింది. రాస్తూ రాస్తూ ఆ చోటికి వచ్చేసరికి అతనికి కొంచెం సిగ్గు ఉంటే కథకు బాగుంటుందనిపించింది. అతని దగ్గర లేదు, అందుకని నేనే పెట్టాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

వరండాలో అతను వచ్చిన మాట మాత్రం నిజం. నేను వైర్లు చుట్టుకుంటుంటే వచ్చి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, నా స్పీకరు మీద చేయి వేసి అన్నాడు.

"మీ స్పీకర్లు సూపర్ అంకుల్. నా అలలు భలే వినబడినాయి."